ఓటు ఎకరాలకా, మనిషికా?

ఎన్నికల్లో విస్తీర్ణం చూడాలా, జనాభా చూడాలా అని హాస్టల్ పిల్లలు అడిగితే, మేము మన తాతల కాలం నుంచి చెబుతాం.

1937లో మద్రాసు రాష్ట్ర ఎన్నికల్లో ఓటు రావాలంటే పన్ను కట్టే ఆస్తో, చదువో లాంటి అర్హత ఉండాలి. నెల్లూరు తీరంలో చేపలు, పీతలు పట్టుకుంటూ, కూలికి పోతూ బతికిన యానాదుల్లో అవి ఎందరికున్నాయి? 1951-52 ఎన్నికలతో సెంటు భూమి లేని మనిషికీ ఓటు వచ్చింది.

అయినా పూర్తి న్యాయం జరగలేదు. ఎస్టీ సీట్లు ఎస్టీల నిష్పత్తి ఎక్కువున్న చోటే పెట్టాలని చట్టం. అందుకే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 175 సీట్లలో ఎస్టీలకున్న 7, పాలకొండ నుంచి పోలవరం దాకా, ఏజెన్సీ వైపే ఉన్నాయి. ఊరికి నాలుగు గుడిసెలుగా చెదిరిన మనకు నెల్లూరులో ఒక్కటీ లేదు.

విస్తీర్ణం చూస్తే ఏజెన్సీ అన్నదమ్ములకు మేలనిపించొచ్చు. కానీ ఎకరాలను లెక్కపెడితే, ఎకరాలు లేని మనం మళ్లీ లెక్కలోకి రాము. మన బలం తలలే. పంచాయతీల్లో జనాభాను బట్టి ఎస్టీ రిజర్వేషన్ ఉంది; అక్కడ మొదలుపెడదాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 18 నిండాయా? ఓటరు జాబితాలో పేరు చూసుకోండి. లేకపోతే ఫారం 6 ఇవ్వండి.