టీబీ మందు, పేటెంటు: బెడాక్విలిన్ కేసులో రోగులు ఎలా గెలిచారు?

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్లలో ఒక్కో గదికి నలుగురైదుగురు. ఎల్బీనగర్ చుట్టుపక్కల బస్తీల్లో ఒకే గదిలో ఇంటిల్లిపాదీ. గాలి ఆడని చోట టీబీ సులువుగా అంటుకుంటుంది. ఆ గదులు ఎవరి వాటాకు వస్తాయో తేల్చేది కులమూ, కూలీ. మందు ఎవరికి అందుతుందో తేల్చేవాటిలో పేటెంటు కూడా ఉంది.

ఏ మందుల మీద పేటెంటు?

మామూలు టీబీకి వాడే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ పాత మందులు. వాటికి పేటెంటు లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. చిక్కంతా వాటికి లొంగని మొండి టీబీతోనే. దానికి నెలల తరబడి ఇచ్చిన ఇంజెక్షన్లతో చాలామందికి చెవుడు వచ్చింది. వాటికి బదులుగా వచ్చిన మాత్రే బెడాక్విలిన్. మన దేశంలో 2016లో, విరాళంగా వచ్చిన కొద్దిపాటి మందుతో ఆరు కేంద్రాల్లోనే మొదలైంది. ఢిల్లీ నివాసి కాదన్న కారణంతో మందు దక్కని ఓ పాట్నా అమ్మాయి కోసం కుటుంబం హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది.

పేటెంటు పొడిగింపు ఎత్తుగడ

1970 చట్టం మందులకు ఉత్పత్తి పేటెంటు ఇవ్వలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందం వల్ల 2005 నుంచి ఇరవై ఏళ్ల పేటెంటు వచ్చింది. అయితే పాత మందుకే చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడగకుండా సెక్షన్ 3(డి) అడ్డుకుంటుంది.

బెడాక్విలిన్ అసలు పేటెంటు 2023 జులైలో ముగియాలి. అదే మందు లవణ రూపం మీద జాన్సన్ అండ్ జాన్సన్ 2027 దాకా పేటెంటు కోరింది. ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే 2019లో అభ్యంతరం దాఖలు చేశారు. ఇద్దరూ టీబీని జయించినవారే, చికిత్సలో వినికిడి కోల్పోయినవారే. 2023 మార్చి 23న పేటెంట్ ఆఫీసు కంపెనీ దరఖాస్తును తిరస్కరించింది. జెనరిక్ కంపెనీలకు దారి తెరుచుకుంది. ఆ ఆగస్టులోనే గ్లోబల్ డ్రగ్ ఫెసిలిటీకి జాన్సన్ కంపెనీయే ఆరు నెలల కోర్సును 130 డాలర్లకు దించింది. అది పాత ధరలో సగం కూడా కాదు.

మన చేతిలో ఏముంది?

సెక్షన్ 25(1) ప్రకారం పేటెంటు మంజూరు కాకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. లాయరో, కంపెనీయో కానక్కర్లేదు. 2024 మార్చి నిబంధనలు దీనికి ఫీజు పెట్టాయి. అభ్యంతరం విచారణకు తగినదో కాదో ముందే తేల్చే అధికారాన్ని కంట్రోలర్‌కు ఇచ్చాయి. ఇద్దరు రోగులు నడిచిన దారి ఇప్పుడు ఇరుకవుతోంది. ఆ దారిని కాపాడుకోవడం కూడా ఆరోగ్య హక్కు పోరాటంలో భాగమే.