తోడు పడవ

నదిలో సాగే దూరపు ఈతపందెం ముగిశాక ఫలితాల పట్టికలో ఈతగాళ్ళ పేర్లుంటాయి, వారికి పట్టిన గంటలూ నిమిషాలూ ఉంటాయి. ఆ గంటలన్నీ వారి పక్కనే కూర్చుని తెడ్డు వేసినవారి పేర్లు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. పందెం చరిత్రను ఈ పేరులేనివారి వైపు నుంచి చదివితే మరొక కథ బయటపడుతుంది.

న్యూయార్కులో మన్‌హట్టన్ దీవిని చుట్టివచ్చే ఈత ఉన్నది. దూరం 45.9 కిలోమీటర్లు. ఈస్ట్, హార్లెమ్, హడ్సన్ అనే మూడు జలమార్గాలను దాటాలి. 1982లో ఈ పందెం మళ్ళీ ప్రాణం పోసుకున్నది. ఇందులో ఒక్కొక్క ఈతగానికి ఒక్కొక్క కయాక్ తోడుగా వెళుతుంది. దాన్ని నడిపేవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చినవారే.

కయాక్ ఎందుకు? ఈతగాని కన్ను నీటిమట్టానికి సమానంగా ఉంటుంది. అతనికి అల తప్ప దారి కనబడదు. దారి చూడడానికి మాటిమాటికీ తల పైకెత్తితే కాళ్ళు కిందికి దిగుతాయి, వేగం తగ్గుతుంది, మెడ నొప్పి పుడుతుంది. అతడు ఊపిరి తీసుకునే వైపున కయాక్ సాగుతుంటే దాన్ని చూస్తూ ఈదితే చాలు. ప్రవాహం ఎక్కడ వేగంగా ఉన్నదో, వంతెన స్తంభాల వెనుక సుడి ఎక్కడ తిరుగుతున్నదో తెడ్డు పట్టినవాడే గమనించాలి. సుమారు అరగంటకొకసారి తాడు కట్టిన సీసాతో ఆహారం అందించాలి. నిమిషానికి ఎన్ని బారలు వేస్తున్నాడో లెక్కపెట్టాలి. ఆ లెక్క పడిపోతున్నా, అడిగినదానికి జవాబు తడబడుతున్నా శరీరం చల్లబడుతున్నదేమోనని అనుమానించాలి. మోటారు పడవ అంత దగ్గరగా, అంత నిదానంగా నడవలేదు. పైగా దాని పొగ ఒక బాధ, చక్రం ఒక ప్రమాదం.

ఇంత చేసేవానికి ఒక కఠినమైన నియమం ఉన్నది. అతడు ఈతగాణ్ణి తాకరాదు. తాకితే ఆ ఈత అక్కడితో ముగిసినట్టే. ఎప్పుడు తాకకూడదో, ఎప్పుడు తాకి తీరాలో తెలియడమే ఈ పనిలోని విద్య.

ఈ విద్య మన తీరానికి కొత్తది కాదు. చిల్లకూరు తీరానికి దక్షిణంగా ఉన్న దుగరాజపట్నంలో ఆంగ్లేయులు 1626లో వర్తకస్థానం పెట్టుకున్నారు. వారి రాతల్లో దాని పేరు అర్మగాన్. అక్కడి నుంచి వెళ్ళిన ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్నానికి అంకురార్పణ చేశాడు. ఆ పట్నానికి పంతొమ్మిదో శతాబ్ది చివరి భాగం దాకా సరైన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, మేకులు లేకుండా తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో ప్రయాణికులు అలలు దాటి ఒడ్డుకు చేరేవారు. అల తిరగబడితే పడవ బోల్తాపడేది. అందుకే దాని పక్కన తెప్పలు సాగేవి. నాలుగైదు దుంగలను తాడుతో బిగించి కట్టిన తెప్ప మునగదు, మీదికి వచ్చిన నీరు సందుల్లోంచి జారిపోతుంది. దానిమీద మోకాళ్ళపై కూర్చుని తెడ్డు వేసే జాలరి, నీట పడినవారిని అందుకుని పైకి లాగేవాడు. ఇలా ప్రాణాలు కాపాడిన తెప్పవారికి ప్రభుత్వం పతకాలు ఇచ్చేది. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాళ్ళ తోలుపడవ కయాక్‌కూ, మన దుంగల తెప్పకూ కట్టుబడిలో పోలిక లేదు. కాని రెండూ నీటిని అంటిపెట్టుకుని సాగేవే, రెండూ మనిషికి చెయ్యి అందేంత ఎత్తులో ఉండేవే.

ఈతగానికి తోడు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మాథ్యూ వెబ్ జీవితం చాలు. 1875 ఆగస్టు 24న డోవర్‌లో నీటిలో దూకి 21 గంటల 45 నిమిషాలలో కాలే చేరి, ఇంగ్లీషు ఛానల్ ఈదిన తొలి మనిషిగా అతడు పేరు పొందాడు. దారి పొడవునా పడవలు వెంట ఉన్నాయి, తిండీ పానీయమూ అందించాయి. 1883 జులై 24న అదే వెబ్ నయాగరా జలపాతం దిగువన ఉన్న సుడుల మీదికి ఈదబోయాడు. ఒక పడవవాడు అతణ్ణి నది మధ్యకు తీసుకుపోయి వదిలి వెనక్కు వచ్చాడు. ఆ ప్రవాహంలో ఏ పడవా వెంట వెళ్ళగలిగేది కాదు. వెబ్ ప్రాణాలతో తిరిగి రాలేదు.

తాకడంలో తొందరపడితే మరొక రకమైన నష్టం. 1925లో గర్ట్రూడ్ ఎడర్లీ ఛానల్ ఈదుతుండగా, ఆమె మునిగిపోతున్నదని తలచి శిక్షకుడు మరొక ఈతగానిచేత ఆమెను పట్టించాడు. తాను విశ్రాంతి తీసుకుంటున్నానని ఆమె వాదించింది, కాని ప్రయత్నం అక్కడితో రద్దయింది. మరుసటి సంవత్సరం ఆగస్టు 6న వేరొక శిక్షకుని తోడుతో సుమారు పద్నాలుగున్నర గంటల్లో ఆమె ఛానల్ దాటింది. ఆ దారిలో గెలిచిన తొలి మహిళ ఆమె.

చూసేవాడే లేకపోవడం అన్నిటికంటె ఘోరం. 2010 అక్టోబరు 23న ఫుజైరాలో జరిగిన పది కిలోమీటర్ల అంతర్జాతీయ పోటీలో అమెరికన్ ఫ్రాన్ క్రిపెన్, వయస్సు 26, గమ్యానికి కొద్ది దూరంలోనే మునిగిపోయాడు. అతడు మునుగుతుండగా ఎవరూ చూడలేదు. శరీరం దొరకడానికి సుమారు రెండు గంటలు పట్టింది. రక్షణ ఏర్పాట్లు చాలలేదని తరువాతి విచారణ తేల్చింది. ప్రపంచస్థాయి ఈతగానికే ఈ గతి పట్టిందంటే, పందెంలో దూరాన్ని, బహుమతిని నిర్ణయించేముందు పడవలను లెక్కించవలసి ఉన్నది.

మన దేశంలోనూ ఈ తోడు ఉన్నది. 1966లో మిహిర్ సేన్ పాక్ జలసంధిని 25 గంటల 36 నిమిషాలలో ఈదినప్పుడు నావికాదళం వెంట నడిచింది. బెంగాలులో భాగీరథి మీద 81 కిలోమీటర్ల పందెంలో నాటుపడవలు సాగుతాయి. సామర్లకోటలో పుట్టిన గోలి శ్యామల 2021 మార్చిలో పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాలలో దాటినప్పుడూ పడవలు వెంట ఉన్నాయి. ఆ గంటలు ఆమెవే, ఆ బలమూ ఆమెదే. ఆ పడవల్లో మేలుకుని కూర్చున్నవారి కన్ను కూడా ఆ ఈతలో భాగమే.

తెలుగునాట నీటిని చదవగలిగినవారికి కొదవ లేదు. కృష్ణ ఒడ్డున, గోదావరి లంకల్లో, నెల్లూరు తీరపు ఉప్పుటేళ్ళలో ప్రవాహపు తీరు చూపుతోనే పసిగట్టే జాలరులున్నారు. నది ఈతపోటీ పెట్టేవారు మొదట వెళ్ళవలసింది వారి దగ్గరికి. ఎన్ని పడవలు దొరికితే అంతమందినే నీటిలో దించాలి. పోటీ ముగిశాక ప్రతి ఈతగాని పేరు పక్కన అతని పడవవాని పేరు కూడా రాయాలి. నూటయాభై ఏళ్ళ కిందట తెప్పవానికి పతకం ఇచ్చిన తీరం ఇది. ఒక పంక్తిలో పేరు రాయడం దానికంటె పెద్ద పని కాదు.