చావు ఒక్కటే, నేరానికి మూడు మెట్లు



ఎక్కడో కొట్లాటలో ఒక మనిషి చనిపోయాడని మన గ్రూపులో వార్త పెడితే, గంట తిరక్కముందే రెండు మాటలు వస్తాయి. మొదటిది: "మర్డర్ కేసు కట్టకుండా చిన్న సెక్షన్ వేశారు, ఎంత తిన్నారో!" రెండోది: "ఆ ఊరివాళ్ళు అంతేనండీ, వాళ్ళ రక్తంలోనే ఉంది." ఈ మాటలు మేమూ అన్నవాళ్ళమే. అందుకే ఈసారి చట్టం నేరాన్ని ఎలా తూకం వేస్తుందో, ఆ తూకం ఎలా మారుతూ వచ్చిందో రాద్దామనుకున్నాం. కొంచెం పెద్ద పోస్టే. అయినా చదవండి, ఇందులో మన తెలుగువాళ్ళ కేసులే రెండున్నాయి. ఆ రెండింటినీ దేశమంతా లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు.

పాతకాలంలో నేరాలకు మెట్లు లేవని కాదు. యాజ్ఞవల్క్య స్మృతి జరిమానాలను మూడు తరగతులు చేసింది. ఉత్తమ సాహసానికి 1080 పణాలు, మధ్యమానికి 540, అధమానికి 270. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన తెలుగులో పద్యాలుగా మార్చాడు. అయితే ఆ తూకంలో చేసిన పని ఎంతో, చేసినవాడి వర్ణమూ బాధితుడి వర్ణమూ అంతే. ఒకే తిట్టుకు, ఒకే దెబ్బకు మనిషిని బట్టి శిక్ష మారేది.

తర్వాత కంపెనీ కాలం వచ్చింది. అప్పుడు చెన్నపట్నం ఎల్లల లోపల సుప్రీంకోర్టు పేరుతో ఒక కోర్టు ఉండేది. అది 1801లో ఏర్పడింది, ఇంగ్లిష్ చట్టం ప్రకారం తీర్పులిచ్చేది. ఎల్లలు దాటితే కంపెనీ వారి ఫౌజ్దారీ అదాలత్. అక్కడ ముస్లిం శిక్షాస్మృతిని రెగ్యులేషన్లతో సవరించుకుంటూ నడిపేవారు. ఆ స్మృతిలో హత్యకు వాడిన ఆయుధాన్ని బట్టి ఉద్దేశాన్ని తేల్చే పద్ధతి ఉండేది, చనిపోయినవాడి వారసులు క్షమిస్తే ప్రాణశిక్ష తప్పే పద్ధతీ ఉండేది. ఇవి అన్యాయమని కంపెనీ ఒక్కొక్కటే మారుస్తూ పోయింది. మన మాధవరం అప్పట్లో పట్నం బయట, చెంగల్పట్టు జిల్లాలోని ఊరు. అంటే కోట దగ్గర మనిషిని చంపితే ఒక చట్టం, ఇక్కడ చంపితే ఇంకో చట్టం. నడుమ దూరం చూస్తే, ఎడ్లబండిలో ఒక పూట ప్రయాణం!

1834 జూన్‌లో మెకాలే ఓడ దిగింది మన మద్రాసులోనే. ఇక్కడి నుంచి ఊటీ వెళ్ళి గవర్నర్ జనరల్ బెంటింక్‌ను కలిశాడు. ఆయన అధ్యక్షుడుగా లా కమిషన్ 1837లో శిక్షాస్మృతి ముసాయిదా ఇచ్చింది. అది చాలా ఏళ్ళు బీరువాలో మూలిగింది. 1857 తిరుగుబాటు తర్వాత కదిలి, 1860 అక్టోబర్ 6న చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మనం ఐపీసీ అని పిలుచుకున్నది అదే.

అది మెట్లు ఎలా కట్టిందో ఒక ఉదాహరణ చూడండి. దొంగతనానికి మూడేళ్ళ దాకా జైలు. దాంట్లో కొట్టడమో, అప్పటికప్పుడు చంపుతామని బెదిరించడమో కలిస్తే దోపిడీ, పదేళ్ళ దాకా. అదే దోపిడీ పెద్దరోడ్డు మీద, పొద్దు గుంకినప్పటి నుంచి పొద్దు పొడిచేలోపు జరిగితే 14 ఏళ్ళ దాకా. మన జీఎన్టీ రోడ్డు లాంటి బాటల మీద రాత్రిళ్ళు బళ్ళు తోలుకుంటూ వెళ్ళే వ్యాపారులకు ఆ నాలుగేళ్ళ తేడా ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ఐదుగురు లేక అంతకుమించి కలిసి దోపిడీ చేస్తే బందిపోటు, యావజ్జీవం దాకా. ఆ బందిపోటులో ఒకడు హత్య చేస్తే ఐదుగురికీ ఉరిశిక్ష పడే వీలుంది.

మనిషి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి చట్టం ఇంకా సన్నగా తూకం వేసింది. చంపే ఉద్దేశంతో చేస్తే, లేదా మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోయేంత గాయాన్ని కావాలనే చేస్తే హత్య. పాత 302 సెక్షన్, ఉరి లేదా యావజ్జీవం. ఉద్దేశం ఉన్నా, హఠాత్తుగా రేగిన తీవ్రమైన కోపం, ముందస్తు ఆలోచన లేని కొట్లాట, ఆత్మరక్షణలో హద్దు దాటడం లాంటి మినహాయింపులు వర్తిస్తే ఒక మెట్టు కిందికి దిగుతుంది. అది హత్య కాని నేరపూరిత నరహత్య, 304 మొదటి భాగం. చంపే ఉద్దేశం లేకపోయినా చావు రావచ్చని తెలిసి చేస్తే రెండో భాగం, పదేళ్ళ దాకా జైలు. వీటన్నిటికీ దిగువన నిర్లక్ష్యం వల్ల చావు. దాన్ని 304-ఏ పేరుతో 1870లో చేర్చారు, రెండేళ్ళ దాకా శిక్ష.

శవం అన్నిచోట్లా ఒకటే. తేడా చేసినవాడి మనసులో ఉంది. మరి మనసులోది కోర్టుకు ఎలా తెలుస్తుంది? ఇక్కడే మనవాళ్ళ మొదటి కేసు వస్తుంది.

అది 1912లో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చిన ముసునూరు సూర్యనారాయణమూర్తి కేసు. పేరే చెబుతుంది తెలుగువారని. ఒకతని పేరు మీద బీమా చేయించి, ఆ డబ్బు కోసం హల్వాలో ఆర్సెనిక్, పాదరసం కలిపిన విషం పెట్టాడని అభియోగం. అతను కాస్త తిని, మిగతాది పారేశాడు. అతను బతికాడు. ఆ ఇంట్లోని ఎనిమిది తొమ్మిదేళ్ళ ఆడపిల్ల, నిందితుడి బంధువుల బిడ్డే, ఆ ముక్క తీసుకుని తినేసింది. కొన్ని రోజులకు చనిపోయింది.

కింది కోర్టు హత్యాయత్నానికి శిక్ష వేసింది కానీ పిల్ల హత్య కింద మాత్రం విడిచిపెట్టింది. ఆ పిల్లను చంపాలని అతను కలలో కూడా అనుకోలేదు కదా! ప్రభుత్వం హైకోర్టుకు వెళ్ళింది. అక్కడ ఇద్దరు జడ్జీలకు మాట కుదరలేదు. జస్టిస్ బెన్సన్ హత్యే అన్నారు, జస్టిస్ సుందర అయ్యర్ కాదన్నారు. మూడో జడ్జి జస్టిస్ రహీం బెన్సన్ వైపు నిలిచారు. ఐపీసీ 301 చెప్పేది అదే: ఒకరిని చంపబోయి ఇంకొకరి చావుకు కారణమైతే, అనుకున్నవాడు చనిపోయి ఉంటే ఏ నేరమయ్యేదో అదే నేరం. చంపాలన్న ఉద్దేశం గురి తప్పినంత మాత్రాన తేలికైపోదు. సుందర అయ్యర్ గారి భిన్నాభిప్రాయాన్ని కూడా ఈనాటికీ గౌరవంగా చదువుతారు. తనకు తెలియకుండా మరొకరి చేతి మీదుగా జరిగినదానికి మనిషి ఎంతవరకు బాధ్యుడు అన్నది ఆయన అడిగిన ప్రశ్న. అది చిన్న ప్రశ్న కాదు.

మనసును ఇంత జాగ్రత్తగా తూచిన ఆ రోజుల్లోనే, ఇదే మద్రాసు రాజధానిలో మనసుతో పనే లేని చట్టం ఒకటి దిగింది. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసుకూ వర్తించేలా చేశారు. ఎరుకలవారి లాంటి తెగలను పేరు పేరునా జాబితాలో రాసుకున్నారు. వేలిముద్రలు, పోలీసుల దగ్గర హాజరు, అనుమతి లేనిదే ఊరు దాటకూడదన్న కట్టడి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో, బెజవాడకు ఎదురుగా సీతానగరంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంట్లలో కుటుంబాలకు కుటుంబాలనే ఉంచారు. జాబితాలోని మనిషికి కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకు తగ్గకూడదు, మూడోసారి అయితే యావజ్జీవ ప్రవాసం. అదే నేరం జాబితాలో లేనివాడు చేస్తే ఈ లెక్క లేదు. స్మృతుల కాలం నాటి పాత తూకమే మళ్ళీ వచ్చింది: ఏం చేశాడు అన్నదానికంటే ఎవరికి పుట్టాడు అన్నది ముందు.

నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివారు దాని రద్దు కోసం ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. మద్రాసు ప్రభుత్వం దేశంలో మిగతావారికంటే ముందే, 1947లో, దాన్ని రద్దు చేసింది. దేశవ్యాప్తంగా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయింది కానీ, స్టూవర్టుపురం అనగానే మనలో చాలామందికి ఇప్పటికీ ఏం గుర్తొస్తుంది? సినిమాలూ ఆ పేరునే వాడుకున్నాయి. అక్కడ చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ఊరి పేరు చెప్పాలంటే ఇంకా ఒక క్షణం ఆగాల్సి వస్తోందంటే, ఆ జాబితా మన నోళ్ళలో ఇంకా చెరగలేదన్నమాట.

ఇక రెండో కేసు. మొదటి కేసుకు దాదాపు అరవై ఏళ్ళ తర్వాతది. పల్నాడులోని రొంపిచర్ల. ఊళ్ళో పార్టీలు, పాత పగలు. 1968 జూలై 23 పొద్దున ఒక వర్గం పెద్ద బస్సెక్కి నెకరికల్లు అడ్డరోడ్డు దగ్గర దిగాడు. ఎదుటి వర్గం వాళ్ళూ అదే బస్సులో వచ్చారు. నరసరావుపేటకు టికెట్లు తీసుకున్నవాళ్ళు మధ్యలోనే దిగిపోయారు. బరువైన కర్రలతో ఇద్దరు ఆయన కాళ్ళూ చేతులూ విరగ్గొట్టారు. వయసు మళ్ళినవాడు, లేచి చేతులు జోడించి ఎందుకు కొడుతున్నారని అడిగినా ఆగలేదు. 19 గాయాలు. మర్నాడు తెల్లవారుజామున ప్రాణం పోయింది.

సెషన్స్ కోర్టు హత్య అంది. హైకోర్టు మెట్టు దించింది. దెబ్బలు తల మీదో గుండె మీదో పడలేదు, కాళ్ళూ చేతుల మీదే పడ్డాయి, చంపే ఉద్దేశం లేదు, చావు రావచ్చన్న ఎరుక మాత్రమే ఉంది, కాబట్టి 304 రెండో భాగం అంది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1976 సెప్టెంబర్ 15న జస్టిస్ సర్కారియా రాసిన తీర్పు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, రాయవరపు పున్నయ్యల మధ్య కేసుగా ప్రసిద్ధమైంది. ఆయన చెప్పిందాని సారం ఇది: చంపాలనుకున్నారా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఆ గాయాలు చేయాలనే చేశారా? చేశారు. ఆ గాయాలన్నీ కలిపి చూస్తే మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోతాయా? సరిపోతాయి. అయితే అది హత్యే. ఏ చోట కొట్టారన్నది చూడాలి, ఎన్ని కొట్టారు, ఎంత బలంగా కొట్టారు, ఎవరిని కొట్టారు అన్నవీ చూడాలి.

అదే తీర్పులో ఆయన నరహత్యకు మూడు తరగతులున్నాయని విడమరిచి చెప్పారు. కోర్టులు దాన్ని వరసగా ఎలా తేల్చాలో కూడా రాశారు. ముందు నిందితుడి పని వల్లే చావు వచ్చిందా చూడాలి. తర్వాత అది నేరపూరిత నరహత్యేనా చూడాలి. ఆ తర్వాతే అది హత్య మెట్టు దాకా ఎక్కిందా అని. ఈనాటికీ దేశంలో ఏ హైకోర్టు అయినా 302కీ 304కీ తేడా చెప్పాల్సి వస్తే, పల్నాడు అడ్డరోడ్డు మీద పడిన ఆ కర్ర దెబ్బల దగ్గరికే వెళ్తుంది.

2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నంబర్లు మారాయి. 302 ఇప్పుడు 103, 304 ఇప్పుడు 105. నిర్లక్ష్యపు చావుకు శిక్ష రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా పెరిగింది. మెట్లు మాత్రం అవే. కొత్తగా వచ్చింది 103 రెండో ఉపవిభాగం: ఐదుగురు లేక అంతకుమించి కలిసి కులం, మతవర్గం, పుట్టిన చోటు, భాష లాంటి కారణంతో మనిషిని చంపితే, ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ ఉరి లేదా యావజ్జీవం. పొరుగు రాష్ట్రంలో మన భాష మాట్లాడుకుంటూ బతుకుతున్న మనం ఆ జాబితాలో భాష అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. ఒకప్పుడు పుట్టుకను చూసి మనిషిని ముందే నేరస్థుణ్ణి చేసిన చట్టం, ఇప్పుడు పుట్టుక కారణంగా మనిషిని చంపడాన్ని పేరు పెట్టి శిక్షిస్తోంది. ఆ దారికి నూరేళ్ళు పైగా పట్టింది.

ఇదంతా మనకెందుకంటే, మూడు సంగతులకు.

ఒకటి, సెక్షన్ మారినంత మాత్రాన డబ్బు చేతులు మారిందని అనుకోవద్దు. మారి ఉండవచ్చు కూడా, అనుమానిస్తే తప్పులేదు. కానీ ముందు ఎఫ్ఐఆర్‌లో గాయాలేమిటో, ఆయుధమేమిటో, గొడవ ఎలా మొదలైందో చూసి అనుమానిద్దాం.

రెండు, మన పిల్లలకు చెప్పాల్సిన మాట. పెద్దవాళ్ళమే ఒక్కోసారి "చంపొద్దురా, కాళ్ళు విరగ్గొట్టి వదిలేయండి" అని నోరు జారుతుంటాం. కాళ్ళే కదా అని కర్ర పట్టుకున్నవాళ్ళు హత్యానేరానికి యావజ్జీవ శిక్ష మోయాల్సి వచ్చింది. ఆ కర్ర పట్టుకునే కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండకపోవచ్చు.

మూడు, "ఆ ఊరివాళ్ళు అంతే" అన్న మాట. మాధవరం బస్టాండులో రోజూ నెల్లూరు, తిరుపతి వైపు బస్సులు ఎక్కీ దిగే మనలో ఎవరి ఊరికి ఏ పేరు అంటించారో ఎవరు చూడొచ్చారు? ఇంకోసారి గ్రూపులో అలాంటి వార్త వస్తే, ఏ ఊరని అడిగేముందు ఏం జరిగిందని అడుగుదాం.