50 మార్కుల బీరు, లెక్కలేని కల్లు

అమెరికాలో ఇంట్లో చేసిన బీరుకి మార్కులు వేస్తారు. మొత్తం 50. వాసనకి 12, చూడ్డానికి ఎలా ఉందన్నదానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తమ్మీద ఎలా అనిపించిందన్నదానికి 10. మన ఇంజనీరింగ్ వైవా కంటే ఇదే పద్ధతిగా ఉంటుంది :) ఎవరి బీరో జడ్జీలకి తెలీదు, సీసా మీద నంబరు మాత్రమే ఉంటుంది. ఈ పద్ధతిని నడిపే సంస్థ పేరు బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రాం. 1985లో మొదలైంది.

నేను ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు మా టీంలో ఒకాయన ఇంట్లో ఇలాంటి పోటీ చూశాను. ప్రైజు డబ్బులేం లేవు, సరదాగా పెట్టుకున్నది. గ్యారేజీలో ఒక మడత బల్ల, ఆరుగురు తెచ్చిన ఆరు రకాల బీర్లు, పక్కన మార్కుల కాగితాలు. అక్కడ నన్ను ఆకట్టుకున్నది తాగడం కాదు, తాగాక వాళ్ళు రాసే కామెంట్లు. వెన్న వాసన వస్తోందంటే డయాసిటైల్ మిగిలిపోయిందనీ, ఈస్ట్‌కి పని పూర్తిచేసే టైం ఇవ్వకుండా తొందరపడ్డావనీ అర్థం. ఉండకూడని పులుపు ఉందంటే గిన్నెలు సరిగ్గా కడగలేదు, బ్యాక్టీరియా దూరిందన్నమాట. అచ్చం మన కోడ్ రివ్యూ. తప్పు ఎక్కడుందో చెప్తారు, ఎందుకొచ్చిందో చెప్తారు, పైనెల మళ్ళీ చేసుకు రమ్మంటారు.

ఇదే పోటీ మా నిజామాబాద్‌లో పెడితే? పోటీదారులూ, జడ్జీలూ, బల్లా, బకెట్లూ అన్నీ కలిపి ఎక్సైజ్ జీపెక్కుతాయి. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. అమ్మడానికా, తాగడానికా, సరదాకా అన్న తేడా లేదు. ఒక్క బకెట్ బీరైనా నేరమే. "మనవాళ్ళకి నీతినియమాలు ఎక్కువ, అందుకే" అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే ఆ మాట నిలబడదు. ఈ నియమం నీతి కోసం పుట్టలేదు, ఖజానా కోసం పుట్టింది.

ఆ మాటకొస్తే అమెరికాలో కూడా ఇది ఎప్పట్నించో ఉన్న హక్కేం కాదు. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం. అది ఎత్తేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోడానికి మినహాయింపు దొరికింది, బీరుకి దొరకలేదు. ఆ తర్వాత నలభై అయిదేళ్ళు ఇంటి బీరు దొంగచాటు వ్యవహారమే. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఒక బిల్లు మీద సంతకం పెట్టాడు. సొంత వాడకానికి ఏడాదికి ఒక మనిషి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇల్లు 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు. 1979 ఫిబ్రవరి నుంచి అమలు. బ్రిటన్ ఈ పని అంతకుముందే, 1963లో చేసేసింది. అమెరికాలో రాష్ట్రాలన్నీ ఒప్పుకునేసరికి మాత్రం 2013 వచ్చింది, చివరగా దిగొచ్చినవి అలబామా, మిస్సిసిపీ.

సంతకం పడిన ఏడాదే చార్లీ పాపజియన్, చార్లీ మాట్జెన్ అనే ఇద్దరు కొలరాడోలోని బౌల్డర్‌లో అమెరికన్ హోంబ్రూయర్స్ అసోసియేషన్ పెట్టారు. 1979లో మొదటి జాతీయ పోటీ. ఆ రోజుల్లో అమెరికా మొత్తమ్మీద వందలోపే బీరు కంపెనీలుండేవి. ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి. వాటిలో చాలావాటిని పెట్టింది ఇంట్లో బకెట్‌తో మొదలెట్టినవాళ్ళే. చట్టంలో ఒక మినహాయింపు రాగానే దాచుకున్న విద్య బల్ల మీదకి వచ్చింది, బల్ల మీదకి వచ్చింది కాబట్టి బాగుపడింది. నేను చెప్పదల్చుకున్న విషయంలో సగం ఇదే.

మిగతా సగం మా ఊరి దిక్కుది.

నిజాం రాజ్యంలో ప్రభుత్వానికి వచ్చే పెద్ద ఆదాయాల్లో భూమిశిస్తు పక్కన నిలబడేది ఆబ్కారీ. తాటిచెట్టుకీ ఈతచెట్టుకీ లెక్క, చెట్టుకింత అని పన్ను. దుకాణాలకి వేలం, ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళదే దుకాణం. హైదరాబాద్ ఆబ్కారీ చట్టం 1316 ఫస్లీలో, అంటే సుమారు 1906-07లో వచ్చింది. అడవిలో ఇప్పపువ్వు ఏరుకొచ్చి ఇంట్లో సారా కాచుకునే గోండులకైనా, వాకిట్లో ఈతచెట్టున్న రైతుకైనా అప్పట్నించీ ఒకటే మాట: సర్కారుకి కట్టందే ముంత ఎత్తడానికి లేదు. తాగొద్దని ఎవరూ అనలేదు. సర్కారు దగ్గర పాడుకున్నవాడి దుకాణంలోనే తాగమన్నారు. ఇంట్లో చేసుకునేవాడు పాపాత్ముడని కాదు, కాంట్రాక్టరుకి పోటీ అని నేరం చేశారు. మన తెలుగులో ఇప్పటికీ "సారా పాట", "కల్లు పాట" అంటే వేలమే, సంగీతం కాదు.

ఇక చెరకు సంగతి. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేశారు, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. నీళ్ళొచ్చాయి, చెరకొచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని మా చిన్నప్పుడు మాస్టార్లు గర్వంగా చెప్పేవారు. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌ని పులియబెట్టి ఆల్కహాల్ తీసే డిస్టిలరీ కూడా ఆ ఫ్యాక్టరీకి ఉండేది.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. ఒకే పొలం చెరకు రెండు దారుల్లో పోతుంది. ఒక బండి ఫ్యాక్టరీకి పోయి, మొలాసిస్ అయ్యి, డిస్టిలరీలో స్పిరిట్ అయ్యి, సీసాలో లేబులేసుకుని, సర్కారుకి పన్ను కట్టి దుకాణానికొస్తుంది. ఇంకో బండి గానుగకి పోయి బెల్లం అవుతుంది. కామారెడ్డి బెల్లం పేరు మీరు వినే ఉంటారు. అందులో నల్లబెల్లం కొంత పటికతో కలిసి, కుండలో పులిసి, బట్టీ ఎక్కి గుడుంబా అవుతుంది. రెండిట్లోనూ మత్తునిచ్చేది ఒకటే ఇథనాల్. ఒకటి ఆదాయం, ఇంకొకటి నేరం.

"అయితే గుడుంబాని కూడా వదిలేయమంటావా?" అని అడగొచ్చు. అననండీ. ఇక్కడ రెండు వేరువేరు పనుల్ని కలిపేయకూడదు. పులియబెట్టడం వేరు, పులిసినదాన్ని బట్టీ పెట్టి కాచి ఆవిరి పట్టడం వేరు. పులిస్తే ఆల్కహాల్ శాతం ఒక హద్దు దగ్గర ఆగుతుంది. కాస్తే ఎన్నో రెట్లు పెరుగుతుంది. సరిగ్గా రాకపోతే ప్రాణం తీస్తుంది, పైగా బట్టీ అంటుకునే ప్రమాదం ఒకటి. కార్టర్ సంతకం పెట్టిన చట్టం కూడా బీరుకే, సారాకి కాదు. కాబట్టి అమెరికా గ్యారేజీలో పులిసే బీరుకి మన దగ్గర జోడీ గుడుంబా కాదు. కల్లు.

కల్లుకి ఈస్ట్ ప్యాకెట్ అక్కర్లేదు. లొట్టిలో బొట్టుబొట్టుగా పడుతుండగానే గాలిలోదీ, కుండలోదీ ఈస్ట్ పని మొదలెట్టేస్తుంది. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, మాపటికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసి సిర్కా దారి పడుతుంది. ఎప్పుడు తాగాలో తెలియడమే సగం విద్య. మా తాత తరంవాళ్ళు ఒక్క గుక్క తాగి ఇది తాటిదా ఈతదా, పోతుతాడా పండుతాడా, పొద్దటిదా నిన్నటిదా, నీళ్ళు కలిశాయా లేదా చెప్పేసేవారు. ఫలానా గౌడ్ గీసిన చెట్టు కల్లు బాగుంటదని పక్కూరి నుంచి నడిచొచ్చేవాళ్ళు. అచ్చంగా అది రేటింగే కదా? 50 మార్కుల కాగితం లేదంతే. గీసినవాడు ఎదురుగా ఉంటాడు, తాగేవాడు ఎదురుగా ఉంటాడు, బాలేకపోతే మొహం మీదే చెప్తాడు.

ఆ సంబంధాన్ని తెంపింది వేలం. దుకాణం ముస్తేదారుది. అతను పెట్టుబడి రాబట్టుకోవాలి. పట్నంలో గిరాకీ చెట్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చెట్లు రాత్రికి రాత్రి పెరగవు కదా, అందుకని మందు కలిసింది. ముందు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపామ్, ఆల్ప్రజోలం. రెండోవి డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన నిద్రమాత్రల సరుకు. నిజామాబాద్ డిపోల్లో ఏళ్ళ తరబడి చాలామంది తాగింది కల్లు పేరుతో ఆ మందు నీళ్ళే. తాగేవాడికి గీసినవాడెవరో తెలీదు, చెట్టెక్కడుందో తెలీదు.

2015 సెప్టెంబరులో దాని బిల్లు వచ్చింది. కల్తీ కల్లు మీద దాడులు పెరిగి మందు కలిపిన సరుకు ఒక్కసారిగా తగ్గింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకులు, మూర్ఛలు, పిచ్చిచూపులతో ఆస్పత్రులకి చేరారు. కొందరు చనిపోయారు. నేను ఇంటర్ అయిపోయి ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది అది. "కల్లు తాగి చచ్చారు" అనుకున్నారు చాలామంది హైదరాబాద్‌లో. కాదు, అలవాటైన మందు అందక చచ్చారు. పదేళ్ళ తర్వాత 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకి మళ్ళీ ప్రాణాలు పోయాయి.

అదే 2015లో ఇంకో రెండు సంగతులు జరిగాయి. తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకి నిబంధనలు తెచ్చింది. ఆ తర్వాతే మనం వీకెండ్‌లో జూబ్లీహిల్స్, గచ్చిబౌలిలో వెళ్ళే "క్రాఫ్ట్ బీర్" చోట్లు పుట్టాయి. ఇక డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీలో లేఆఫ్ ప్రకటించి గేటు మూసేశారు. అంటే ఒకే ఏడాది, ఒకే రాష్ట్రంలో, చేతితో చేసిన తాజా బీరు హైదరాబాద్‌లో నాగరికత అయ్యింది, నిజామాబాద్‌లో అలవాటైన మందు కల్లు అందక జనం ఆస్పత్రిపాలయ్యారు, చెరకు పండించినవాళ్ళ ఫ్యాక్టరీ మూతబడింది. తాజాగా పులిసిన పానీయం పాతదే. దాన్ని బాహాటంగా చేసి అమ్మే హక్కు మాత్రం లైసెన్సు ఫీజు కట్టగలిగిన రెస్టారెంటుకి దక్కింది.

ఇక్కడ ఎదురయ్యే గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటేసి పోలేం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఉద్యమం దెబ్బకి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సడలించారు. కూలి డబ్బంతా సారా ప్యాకెట్‌కి పోతుంటే పిల్లల కంచాల్లో ఏముంటుందో వాళ్ళకి తెలుసు. నాలాంటివాడు ఏసీలో కూర్చుని "మన సంప్రదాయ కళ" అని ముచ్చటపడితే వాళ్ళకి మండడం న్యాయమే.

కానీ వాళ్ళు ఎవరి మీద తిరగబడ్డారో చూడండి. ప్రభుత్వమే పాట పెట్టి, ప్యాకెట్లలో నింపి, గడప దాకా తెచ్చిన సరుకు మీద. ఇంట్లో చేసుకునే ముంత మీద కాదు. 1995 నిషేధం కూడా కల్లుని మినహాయించింది. మన దేశంలోనే మధ్యప్రదేశ్‌లో ఆదివాసులు సొంత వాడకానికి ఇప్పసారా కాచుకునే మినహాయింపు చాలాకాలంగా ఉంది. 1996 పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల్ని నిషేధించాలా, నియంత్రించాలా అన్నది తేల్చే అధికారంలో గ్రామసభకి భాగమిచ్చింది. అంటే, అమ్మకం వేరు, సొంత వాడకం వేరు అని గీత గీయడం మనకి కొత్తేం కాదు, చేతకానిదీ కాదు.

నేననేది ఇంతే. పులియబెట్టిన పానీయం ఇంటి వాడకానికి, లెక్కగట్టిన కొద్ది మోతాదులో, అమ్మకుండా చేసుకోనివ్వాలి. బట్టీ వద్దు, అమ్మకం వద్దు. గీసే గౌడ్ తన చెట్టు కల్లు తన పేరుతోనే అమ్ముకునే దారి పెంచాలి, డిపోకి పోసే దారి తగ్గించాలి. పరీక్ష చేసే ల్యాబు ప్రతి పాత జిల్లా కేంద్రంలో ఉండాలి. దీనివల్ల తాగుడు తగ్గుతుందని నేను చెప్పను. మందు కలిపితే పట్టుకునే నాలుకలు మాత్రం మళ్ళీ తయారవుతాయి.

మన సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎవరూ చూడని కోడ్‌లో బగ్గులు ఎలా పేరుకుంటాయో రోజూ చూస్తున్నాం. దొంగచాటుగా చేసేదానికి రివ్యూ ఉండదు, పాటలో గెలిచినవాడికి రివ్యూ అవసరం ఉండదు. నిజామాబాద్‌లో జరిగింది ఆ రెండూనూ.

ఎప్పుడైనా బోధన్ దగ్గర ఒక ఈతవనంలో పది లొట్లు వరసగా పెట్టి, నంబర్లు వేసి, మన ముసలోళ్ళని జడ్జీలుగా కూర్చోబెట్టి పోటీ పెడితే చూడాలని ఉంది. వాసనకి 12, రుచికి 20. మీరేమంటారు?