స్కిజోఫ్రీనియా

స్కిజోఫ్రీనియా ఆలోచననూ, అనుభూతినీ, ప్రవర్తననూ దెబ్బతీసే తీవ్రమైన మానసిక వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది. ఎక్కువగా కాలేజీ వయసుకూ ముప్పై ఏళ్ళకూ మధ్య మొదలవుతుంది. మగవాళ్ళలో కాస్త ముందుగా కనిపిస్తుంది. ‘అపరిచితుడు’ సినిమాలో చూపిన బహుళ వ్యక్తిత్వం దీనికి సంబంధించినది కాదు.

పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. ‘ఇదిగో లేచాడు, నీళ్ళు తాగుతున్నాడు, వీడెందుకూ పనికిరాడు’ అని ఇద్దరు ముగ్గురు తన గురించే చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. రోగికి అది భ్రమలా అనిపించదు, చెవిన పడ్డ మాటే. అన్నంలో విషం కలిపారని తల్లి పెట్టిన కంచాన్నే తోసేయవచ్చు. టీవీలో వార్తలు చదివే ఆవిడ తననే ఉద్దేశించి మాట్లాడుతోందనవచ్చు. వాదనతో ఈ నమ్మకం కదలదు. వీటికన్నా ఇంట్లోవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేలా చేసేవి నిశ్శబ్ద లక్షణాలు: స్నానం మానేయడం, స్నేహితులకు దూరమవడం, ముఖంలో ఏ భావమూ లేకపోవడం. వీటిని బద్ధకమనో పొగరనో తిడతారు.

కారణం ఒక్కటి కాదు. వంశపారంపర్యానికి పెద్ద పాత్రే ఉన్నా, ఒకే పోలిక కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి తప్పనిసరిగా రావాలని లేదు. గర్భంలో, కాన్పులో వచ్చిన చిక్కులు, చిన్న వయసులో గంజాయి అలవాటు ముప్పును పెంచుతాయి. పెంపకం లోపం వల్ల ఈ జబ్బు రాదు. ఈ మాట తల్లిదండ్రులకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

1952లో పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజిన్ అనే మందు వాడి చూపాక చికిత్స తీరే మారింది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ తర్వాత వచ్చాయి. ఇవి ప్రధానంగా మెదడులో డోపమిన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. పూర్తి గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. చేతులు వణకడం, కండరాలు బిగుసుకోవడం, బరువు, షుగర్ పెరగడం వంటి ఇబ్బందులు ఉంటాయి. వాటిని డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు. రెండు మందులు సరిగా వాడినా ఫలితం లేకపోతే క్లోజపిన్ ఇస్తారు. అది తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించే అవకాశం ఉంది కనుక మొదట్లో తరచుగా రక్తపరీక్ష చేయించాలి.

జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా బాగున్నప్పుడే. ‘తగ్గిపోయిందిగా, ఇంకా మాత్రలెందుకు’ అని ఆపేస్తారు. కొన్నాళ్ళకు మాటలు మళ్ళీ మొదలవుతాయి. రోజూ మింగలేనివారికి నెలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. మందుతోపాటు ఇంటి వాతావరణమూ లెక్కకొస్తుంది: లండన్‌లో జార్జి బ్రౌన్ బృందం చేసిన పరిశోధనల్లో, నిరంతరం ఎత్తిపొడిచే ఇళ్ళకు తిరిగివెళ్ళిన రోగులకే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది.

మన ఊళ్ళలో గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళడం, పెళ్ళి చేస్తే కుదురుకుంటాడనుకోవడం ఇప్పటికీ ఉంది. మొదటిదాంతో విలువైన నెలలు పోతాయి, రెండోదాంతో మరో జీవితం చిక్కుకుంటుంది. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న, గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. మానసిక ఆరోగ్య సలహా సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోతాననే మాట వస్తే మాత్రం ఫోనుతో సరిపెట్టక, ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.