మన విస్తరిలోని విత్తనము

గత సంవత్సరాది భోజనములకు సరుకులు కొను పని మన సంఘమువారు నాకును, మరి ఇద్దరు మిత్రులకును అప్పగించినారు. పురసవాక్కం హైరోడ్డు మీద ఒక దుకాణంలో నూనె డబ్బాలు బేరమాడుచుండగా, మాతో వచ్చిన పెద్దాయన ఒకరు కళ్లజోడు సవరించుకొని డబ్బా మీది అక్షరములన్నియు ఓపికగా చదివినారు. చదివి, "ఏమయ్యా, ఇది జన్యుమార్పిడి గింజల నూనె కాదు గదా?" అని దుకాణదారుని అడిగినారు. అతడు నవ్వి ఊరుకొన్నాడు. పెద్దాయన నావంక తిరిగి, "నీవైనా చెప్పు నాయనా, పేపర్లు చదువుతావు గదా" అన్నారు. నేను కూడ నవ్వి ఊరుకొన్నాను. తెలియక నవ్విన నవ్వది.

నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వే పార్సిలు ఆఫీసులో చేరిన గుమాస్తాను, శాస్త్రజ్ఞుడను కాను. ఐనను ఆనాటి ప్రశ్న నన్ను వదలలేదు. ఈ సంవత్సర కాలంలో తీరిక దొరికినపుడెల్ల చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించిన సంగతులను సంచిక పాఠకుల ముందు ఉంచుచున్నాను. మన పండుగ విస్తరిలో అన్నమున్నది, వంకాయ కూర ఉన్నది, ఆ కూర వేగిన నూనె ఉన్నది. ఈ మూటి చరిత్ర చెప్పుకొన్న చాలును, విషయమంతయు తెలిసిపోవును.

మొదట అన్నము. చెన్నపట్నంలో ఆంధ్రా పొన్ని అను పేరుతో మనము కొను బియ్యము సాధారణముగా మన సాంబ మసూరియే. దాని అసలు నెంబరు బి.పి.టి. 5204. బాపట్ల పరిశోధనా కేంద్రమువారు 1986లో దానిని రైతులకు విడుదల చేసినారు. సన్నని గింజ, మంచి రుచి. అచ్చమైన తెలుగు బియ్యమని మనము గర్వముగా చెప్పుకొందుము. కాని దాని వంశవృక్షము చూడుడు. ఒక పూర్వీకుడు కోయంబత్తూరులో 1921 నాటికి ఎంపికైన జి.ఇ.బి. 24 అను కిచ్చిలి సాంబ. రెండవవాడు తైవాను దేశపు పొట్టి వరి. మూడవవాడు మలేషియాలో పుట్టిన మాసూరి. ఈ మూటి కలయికయే మన సాంబ మసూరి. కావున తాతలనాటి గింజను తాతలనాటి వలెనే తినుచున్నామని ఎవరైనను అనుకొన్నచో అది పొరపాటు. మనుష్యుడు విత్తనమును మార్చుచునే యున్నాడు. ఐతే ఇచ్చట వరికి వరితోనే పెండ్లి జరిగినది. ఒక వరి పువ్వు పుప్పొడిని మరొక వరి పువ్వునకు తగిలించినారు, అంతే. దీనినే సంకరము అందురు.

జన్యుమార్పిడి యనునది వేరు. మట్టిలో ఒక సూక్ష్మజీవి కలదు. పట్టుపురుగులు చచ్చిపోవుటకు అది కారణమని 1901లో జపాను దేశీయుడొకడు కనిపెట్టినాడు. 1911లో జర్మనీలోని తురింజియా ప్రాంతమున మరల కనుగొని ఆ ప్రాంతపు పేరే దానికి పెట్టినారు. బి.టి. అను రెండక్షరములు ఆ పేరునకు పొట్టి రూపము. ఈ సూక్ష్మజీవి తయారుచేయు ఒక మాంసకృత్తు గొంగళిపురుగు కడుపులోనికి పోయినపుడు పేగును తూట్లు పొడిచి చంపును. మనుష్యుని కడుపు తీరు వేరు గనుక మనపై ఆ విధముగా పని చేయదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ మాంసకృత్తును తయారుచేయు ఆజ్ఞ, అనగా జన్యువును, సూక్ష్మజీవినుండి తీసి పత్తి మొక్కలో చేర్చినారు. అప్పటినుండి మొక్కయే తన ఆకులో, కాయలో పురుగుమందు తయారుచేసికొనును. మట్టిలోని సూక్ష్మజీవికిని పత్తి మొక్కకును ప్రకృతిలో వియ్యము కుదరదు. మనుష్యుడు కుదిర్చినాడు. సంకరమునకును దీనికిని గల భేదమిదే.

ఈ పత్తి మన నాట అడుగుపెట్టిన కాలమును మరువరాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ వలనను, 1997-98లో వరంగల్లు ప్రాంతమున పురుగుల వలనను పత్తి నాశనమై, అప్పులపాలైన రైతులు పురుగుమందే త్రాగి ప్రాణములు తీసికొన్నారు. ఎన్ని మందులు చల్లినను పురుగు చావలేదు. ఇట్టి దుర్దినములలో, 2002 మార్చి 26వ తేదీన, కేంద్ర పర్యావరణ శాఖకు చెందిన జన్యు ఇంజనీరింగు ఆమోద సంఘము మహికో-మోన్సాంటో వారి మూడు రకముల బి.టి. పత్తికి అనుమతి ఇచ్చినది. మన దేశమున సాగుకు అనుమతి పొందిన మొదటి జన్యుమార్పిడి పంట అదే.

మా మేనమామ గుంటూరు జిల్లాలో నాలుగెకరముల పత్తి రైతు. మొదటి సంవత్సరములలో ఆయన మాకు ఫోను చేసినపుడెల్ల, "మందు కొట్టుట సగము తగ్గిందిరా, చేతులకు ఆ కంపు లేదు" అని సంతోషించేవాడు. అది నిజమే. కాని అందరి అనుభవము ఒక్క తీరుగ లేదు. ఆ మొదటి మూడు రకములు సరిగా పండలేదన్న ఫిర్యాదులమీద 2005లో వాటిని ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకుండ ఆపినారు. విత్తనము వెల మరొక బాధ. 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైగా అమ్మినారు. అందులో పెద్ద భాగము జన్యువు హక్కుదారులకు చెల్లించు రుసుము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్తవ్యాపార నిరోధక కమిషను నెదుట వాదించి పొట్లము ధరను 750 రూపాయలకు దించినది. మరి కొన్ని రాష్ట్రములు అదే త్రోవ పట్టినవి. కంపెనీతో వ్యాజ్యమాడి విత్తనము ధర తగ్గించిన ఖ్యాతి మన తెలుగు గడ్డది. ఏటేట విత్తనము కొనవలసిన అవస్థ మాత్రము బి.టి.తో పుట్టినది కాదు. అంతకు పూర్వపు సంకర విత్తనములతోనే మొదలైనది.

పది, పన్నెండేండ్లలో దేశమందలి పత్తి చేలలో నూటికి తొంబదికి పైగా బి.టి. పత్తియే అయినది. అప్పుడు గులాబీరంగు పురుగు తిరుగబడినది. ప్రతి పొట్లముతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చి, చేను చుట్టును వరుసలుగా విత్తుమని చెప్పియున్నారు. బి.టి.కి లొంగని పురుగు, మామూలు పత్తిమీద బ్రతికిన పురుగుతో జతకట్టినచో వాటి సంతతి లొంగుబాటు కోల్పోదని దాని భావము. ఆ కారణమును రైతుకు విడమరచి చెప్పినవారు తక్కువ. ఉన్న కాస్త నేలలో పురుగుకు పంట వదలుటకు ఇష్టపడినవారు ఇంకను తక్కువ. మా మామయ్య ఆ చిన్న పొట్లమును ఏ యేటికాయేడు గట్టుమీద పారవేసినానని తానే ఒప్పుకొన్నాడు. 2014 తరువాత రెండు జన్యువుల పత్తిని సైతము ఆ పురుగు తినసాగినది. మా మామయ్య మందు సీసాలు మరల ఇంటికి వచ్చినవి.

ఇంతవరకు చదివి, "పత్తి సంగతి విస్తరిలోని కెట్లు వచ్చినది?" అని సోదరీమణులు అడుగవచ్చును. పత్తి బట్ట మాత్రమే కాదు. చేనినుండి తెచ్చిన పత్తిలో బరువునకు మూడింట రెండు వంతులు గింజయే. ఆ గింజలనుండి మన దేశమున ఏటా పది లక్షల టన్నులకు పైగా నూనె తీయుదురు. గుజరాతులో అది ఇంటింటి వంట నూనె. ఇతర ప్రాంతములలో మిఠాయి అంగళ్లకు, చిరుతిండ్ల కార్ఖానాలకు, వనస్పతికి పోవును. గింజల చెక్క గేదెలకు మేత. మదురలో ఆ గింజలను నానబెట్టి రుబ్బి, పాలు పిండి, బెల్లము వేసి పరుత్తిపాల్ అని త్రాగుదురు. మరి సోయా నూనె సంగతి? అందులో చాలవరకు అర్జెంటీనా, బ్రెజిలు దేశములనుండి ఓడలలో దిగునది. ఆ దేశములలో సోయా దాదాపు అంతయు జన్యుమార్పిడి పంటయే. అట్టి నూనె దిగుమతికి 2007లోనే అనుమతి లభించినది.

ఇది చదివి భయపడవలసిన పని లేదు. శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తు గాని, జన్యు పదార్థము గాని మిగులుట అత్యల్పము. పరీక్షకు నిలిచి అమ్మకములో ఉన్న ఇట్టి ఆహారముల వలన ఆరోగ్యమునకు కీడు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నా మాట వేరు. 2002లో జరిగిన చర్చ అంతయు దారమును గూర్చి, పురుగును గూర్చి, ధరను గూర్చియే. ఆ గింజ నూనెయై పొయ్యి మీదికి వచ్చునని ఇండ్లలో మాట్లాడుకొన్నవారిని నేను చూడలేదు.

దీనితో వంకాయ కథను పోల్చి చూడుడు. కాయతొలుచు పురుగును చంపు బి.టి. వంకాయను మహికోవారు తయారుచేసినారు. కోయంబత్తూరు, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయములు తమ తమ రకములలో ఆ జన్యువును చేర్చినవి. 2009 అక్టోబరు 14న ఆమోద సంఘము సరే యన్నది. దేశమంతట గగ్గోలు పుట్టినది. నాటి పర్యావరణ మంత్రి జయరాం రమేశ్ 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో కలకత్తా, భువనేశ్వరము, అహమ్మదాబాదు, నాగపూరు, చండీగఢ్, హైదరాబాదు, బెంగుళూరు అను ఏడు నగరములలో బహిరంగ సభలు జరిపినారు. రైతులు, శాస్త్రజ్ఞులు, వైద్యులు, గృహిణులు ఎదురెదురుగా కేకలు వేసికొన్నారు. మన చెన్నపట్నమున సభ జరుగలేదు. 2010 ఫిబ్రవరి 9న మంత్రి ఆ వంకాయను తాత్కాలికముగా నిలుపుచున్నట్లు ప్రకటించినారు. ఆ నిలుపుదల నేటికిని ఎత్తివేయబడలేదు. పొరుగున బంగ్లాదేశమువారు 2013లో అనుమతి ఇచ్చి, మరుసటి యేడాది నుండి ఆ వంకాయను పండించుచున్నారు. ఎవరిది ఒప్పు అను తీర్పు చెప్పుటకు నేను చాలను. నాకు వింతగా తోచినది ఒక్కటే. వంకాయను గూర్చి ఏడు ఊళ్లలో పంచాయతీ జరిగినది. ఆ వంకాయ వేగు నూనెను గూర్చి ఒక్క ఊరిలోను జరుగలేదు.

ఇప్పుడు మరల అన్నము దగ్గరకే వచ్చితిమి. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు క్రొత్త వరి వంగడములను ప్రకటించినారు. అవి జన్యు సవరణ వంగడములు. బయటినుండి జన్యువును తెచ్చి చేర్చుట కాదు. ఉన్న జన్యువునే కత్తెరతో వలె ఒకచోట కత్తిరించి సరిచేయుట. ఆ కత్తెరను కనుగొన్న ఇద్దరు స్త్రీ శాస్త్రజ్ఞులకు 2020లో నోబెల్ బహుమానము వచ్చినది. ప్రకటించిన రెండింటిలో ఒకదాని పేరు కమల. హైదరాబాదు రాజేంద్రనగరులోని భారత వరి పరిశోధన సంస్థవారు మన సాంబ మసూరినే సవరించి దానిని తయారుచేసినారు. రెండవది ఢిల్లీలో తయారైనది. దాని మూలము పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు, అనగా ఎం.టి.యు. 1010. దేశమునకంతకు మొదటి రెండు సవరణ వరులును తెలుగు వరులే! కమల నూటికి పందొమ్మిది పాళ్లు ఎక్కువ పండుననియు, ఇరువది దినములు ముందుగా కోతకు వచ్చుననియు సంస్థవారు చెప్పినారు. అది నిజమైనచో నీరును, ఎరువును మిగులును. పరీక్షల లెక్కలన్నియు బయట పెట్టవలెనని, ఆ కత్తెరపై విదేశీయుల హక్కులు ఏమగునో తేల్చవలెనని అడుగువారు ఉన్నారు. ఇట్టి సవరణ విత్తనములను ప్రభుత్వము 2022 మార్చిలోనే జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనలనుండి మినహాయించినది. కావున వంకాయకు జరిగినట్టి సభలు ఈ బియ్యమునకు జరుగకపోవచ్చును.

మరి తినువాని సంగతి ఏమి? చట్టము లేకపోలేదు. జన్యుమార్పిడి సరుకు గల పొట్లము మీద ఆ సంగతి పైభాగమున ముద్రింపవలెనను నియమము 2013 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దిగుమతి యగు ఇరువది నాలుగు రకముల ఆహార పంటలకు జన్యుమార్పిడి కాదను ధ్రువపత్రము 2021 మార్చి నుండి ఉండవలెనన్నారు. మొన్న నేను మన పేటలో మూడు దుకాణములు తిరిగి, పత్తి గింజల నూనెకు, సోయా నూనెకు చెందిన డబ్బాలను తిప్పి తిప్పి చూచితిని. ఆ ముద్ర నాకొక్కదానిమీదను కనబడలేదు.

నా ఉద్యోగపు మాట ఒకటి చెప్పి ముగించెదను. మా పార్సిలు ఆఫీసునకు ఎవరు మూట తెచ్చినను, లోపల ఏమున్నదో కాగితము మీద వ్రాసి సంతకము చేయనిదే బండి యెక్కించము. మామిడిపండ్లైన మామిడిపండ్లని వ్రాయవలెను. ఒక సరుకు పెట్టి మరొక పేరు వ్రాసినచో జరిమానా తప్పదు. అట్లు వ్రాయమన్నంత మాత్రమున ఆ సరుకు చెడ్డదని మేము అన్నట్లు కాదు. మోయువానికి తాను మోయునదేమో తెలియవలెనను న్యాయమది. బండి పెట్టెకు ఉన్న మర్యాద మన బిడ్డల కడుపునకు ఉండవలదా?

సంఘ సభ్యులకు నా మనవి. క్రొత్త విత్తనము అనగానే ఉలికిపడకుడు. సాంబ మసూరియు ఒకనాడు క్రొత్తదే. శాస్త్రము అనగానే తలవంచి ఊరుకొనకుడు. మా మామయ్య గట్టుమీద పారవేసిన పొట్లమును గుర్తుంచుకొనుడు. డబ్బా చేతికి తీసికొన్నపుడు చదువుడు, దుకాణదారుని అడుగుడు, సమాధానము రానిచో మరల అడుగుడు. ఈ యేడు సంవత్సరాది సరుకులకు ఆ పెద్దాయనతో మరల వెళ్లుచున్నాను. ఆయన ప్రశ్న వేసినపుడు ఈసారి నవ్వి ఊరుకొనను.

అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.