దండనీతి నుండి ప్రజాతీర్పు వరకు

తరగతిలో ‘దండనీతి’ అన్న మాటకు అర్థం చెప్పినప్పుడెల్లా నాకు కె. విజయరామారావుగారు స్మరణకు వచ్చేవారు. హైదరాబాదు పోలీసు కమిషనరుగా పనిచేసిన వారు 1993లో సి.బి.ఐ. డైరెక్టరు అయ్యారు. 1996లో హవాలా కేసున అగ్రనాయకులపై అభియోగపత్రాలు దాఖలైనది వారి హయాములోనే. డైరీలలోని పద్దులు మాత్రమే చాలిన సాక్ష్యం కావని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది.

మరుసటి యేడు వారే తెలుగుదేశం పక్షాన ఖైరతాబాదులో పి. జనార్దనరెడ్డిగారిని ఓడించి, చంద్రబాబునాయుడుగారి మంత్రివర్గంలో చేరారు. 2004లో ఆ జనార్దనరెడ్డిగారి చేతిలోనే ఓడారు. 2016లో కన్నుమూశారు.

నాయకులను విచారించినవారు నాయకుల సరసన కూర్చుండవచ్చునా అని అప్పట్లో నాకు సందేహం. ఓటరు ముందు నిలబడటమూ ఒక విచారణే కదా అని నేడు తోచుచున్నది. అయినా ఆ సందేహం పూర్తిగా తీరలేదు. మీరేమందురు?